మునిసిపల్ తోటలో గోల్ఫ్: లింబాయత్ తెలుగువారికి చిట్కాలు

గోల్ఫ్ అనగానే క్లబ్బు సభ్యత్వం, తెల్ల బూట్లు, లక్షల ఫీజు అని బెదిరేవాళ్లను బెదరనివ్వండి. విశాఖలో 1884 నాటి గోల్ఫ్ క్లబ్బు ఉంది. గోల్కొండ నయాఖిల్లాలో 18 గుంతల మైదానమూ ఉంది. వాటికోసం సూరత్‌లోని మన లింబాయత్ నుంచి రైలు టికెట్టు దండగ. మన పన్నులతో కార్పొరేషన్ పెంచిన పచ్చిక వీధి చివరే ఉంది.

1. కర్ర కొనకండి. నిబంధనల ప్రకారం సంచిలో 14 కర్రలు దాటకూడదు. మీకు ఒకటి చాలు. మీరు పనిచేసే సాంచాల (మరమగ్గాల) ఖాతాలో విరిగిన పికింగ్ స్టిక్ మూలన పడి ఉంటుంది. రోజంతా నాడెను తన్నిన కర్రకు బంతి ఒక లెక్కా? సేఠ్ చూస్తే "బట్టలు ఉతకడానికి" అనండి. ఇంట్లో అడిగితే "సేఠ్ ఇచ్చాడు" అనండి.

2. బంతిని తోటలో క్రికెట్ ఆడే పిల్లల దగ్గర అప్పు తీసుకోండి. తిరిగిస్తామని కాగితం రాయకండి.

3. నైట్ షిఫ్టు దిగగానే రండి. వాకింగ్ జనం కిక్కిరిసి ఉండే వేళే మంచిది. దెబ్బ గురి తప్పితే ఎవరో ఒకరు అడ్డొచ్చి ఉంటారు. ఖాళీ తోటలో తప్పు మీ ఒక్కరిదే అవుతుంది, అది మనసుకు మంచిది కాదు.

4. గుంత తవ్వడం కూలిపని, మీరు చేయకండి. అసలు గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లే. అంత పిసినారితనం మనకెందుకు? మందార మొక్క కోసం మాలీ తవ్విన గొయ్యి వాడుకోండి. నాటేసి ఉంటే పీకి పక్కన పెట్టండి. మాలీ నిలదీస్తే "కుక్కలు" అనండి. ఏ కుక్కా ఇంతవరకు కాదనలేదు.

5. బంతి పోయిందా? అదృష్టం. 2019 దాకా వెతకడానికి 5 నిమిషాలు ఇచ్చేవారు, తర్వాత 3కి కుదించారు. మీకా తొందర అక్కర్లేదు. తోటివాళ్లను పొదల్లోకి తోలి, మీరు వేపచెట్టు కింద నడుం వాల్చి వెతకండి. వాళ్ల ఒళ్లంతా ముళ్లు గుచ్చుకున్నాక లేచి, జేబులోని రెండో బంతిని గుంత అంచున వదలండి. ముందు వదిలి, తర్వాత "దొరికింది!" అని అరవండి. వరస మారిందో, దొరికేది మీరే.

6. ఓడినవాడు లోచో తినిపించాలని పందెం కాయండి, లెక్క పుస్తకం మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి. తొమ్మిది దెబ్బలైతే నాలుగు రాయండి. బావమరిది గొణిగితే అతని పెళ్లికి మీరిచ్చిన చేబదులు గుర్తుచేయండి. ఆటలో గెలుపు ఇలాంటి పాత బాకీల మీదే నిలబడుతుంది.

7. లోచో కాగితాలు పచ్చిక మీదే వదలండి. ఎవరైనా అంటే చరిత్ర చెప్పండి. 1994 ప్లేగు తర్వాత ఈ ఊరి కుళ్లు కడిగిన కమిషనర్ ఎస్.ఆర్. రావు మన తెలుగాయనే. శుభ్రత విషయంలో మన జాతి వాటా అప్పుడే చెల్లిపోయింది.

8. వాచ్‌మన్ గుజరాతీలో అరిస్తే హిందీ తప్ప రాదనండి. హిందీలో అరిస్తే తెలుగు తప్ప రాదనండి. తెలుగులోనే తిడితే, లింబాయత్‌లో ఆ ప్రమాదం ఉంది, "నీదే ఊరు తమ్మీ?" అని అడగండి. సిరిసిల్ల అన్నా వరంగల్ అన్నా మీ మేనత్త అక్కడే ఉందనండి. ఇంకా దారికి రాకపోతే స్కాట్లాండ్ సంగతి తీయండి: సెయింట్ ఆండ్రూస్ పాత కోర్సు ప్రజల భూమే, అక్కడ ఎవరూ ఆడొద్దనరు. ఆదివారం ఆట ఆపి దాన్ని జనం షికారుకి వదిలేస్తారన్న ముక్క మాత్రం మింగేయండి.

9. ఒకనాడు మీ బంతికి ఏ పెద్దాయన కళ్లజోడో పగులుతుంది. ముందుగా ఆయన్నే మందలించండి. వారం తిరక్కుండా గేటు దగ్గర "బంతి ఆటలు నిషేధం" అని బోర్డు వేలాడుతుంది, పిల్లల క్రికెట్‌తో సహా. దిగులు పడకండి. 1457లో స్కాట్లాండ్ పార్లమెంటు కూడా విలువిద్య పాడవుతోందని గోల్ఫ్‌ను నిషేధించింది. ఆ స్థాయి గౌరవం మీకు ఒక్క సీజన్‌లోనే దక్కింది. బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగి ఊళ్లో వాళ్లకు పంపండి, కర్ర చంకన పెట్టుకొని పక్క పేట తోటకు బయల్దేరండి.