పంకాపై పంచాయతీ

రోహిణికార్తె యెండకు రోళ్లు పగులునన్న పెద్దల మాటను కన్నులార చూడగోరినవారు ఆ మధ్యాహ్నమున విజయవాడ ఆటోనగరునకు వచ్చియుండిన చాలియుండెడిది. అట్టి యెండలో, కారు నడుపుకొనుచు నొక గృహస్థుడును, ఆయనను విడువక వెంటబడిన బావమరిదియును, చేజారిపోయిన బేరమును వెదకికొనుచు మెడలో గుర్తింపు కార్డు వ్రేలాడ పరుగెత్తుకొనివచ్చిన సర్వీసు సలహాదారుడును ఒక ముసలి మేస్త్రి షెడ్డు నీడను చేరిరి. గృహస్థుడు కారు కొనెనే గాని దానితోబాటు ఇచ్చిన పుస్తకమును తెరచి చూచినవాడు కాడు; అది కవరైనను విప్పబడక గ్లవ్ బాక్సునందు సమాధిసుఖము ననుభవించుచుండెను.

గృహస్థుడు: మేస్త్రీ, నా కారులోని ఏసీ పంకాకు పూనకము వచ్చినది. 24 డిగ్రీలు పెట్టి ఆటో మీట నొక్కితినా, ఇబ్రహీంపట్నము దాటువరకు, చలికి దంతములు కొట్టుకొనుచున్నను లెక్కచేయక హోరెత్తి వీచును. పిమ్మట నెవరో గొంతు నొక్కినట్లు సన్నగిల్లి, కీసర టోలుగేటు వద్ద నేను చెమటలో స్నానమాడుచున్నను ఉలుకదు, పలుకదు.

బావమరిది: ఇందులో ఆలోచించుట కేమున్నది బావగారూ! గ్యాసు. మా కార్యాలయములో నొకాయన గ్యాసు నింపించిన పిమ్మట ఆయన కారులో రేడియో సైతము స్పష్టముగ వినబడసాగినది. అంతదాక యెందుకు, మొన్న మీరు ఇంజిను కట్టి తాళము చేతబట్టుకొన్న తరువాత కూడ బానెట్టు క్రింద పంకా గిరగిర తిరుగుట నేను చూడలేదా? అది దయ్యమైన గావలెను, గ్యాసైన గావలెను.

మేస్త్రి: అది వేరే ఫ్యాను బాబూ. రేడియేటరు దగ్గర ఉంటది. ఇంజిను కట్టినా వేడి దిగేదాకా కాసేపు తిరుగుద్ది, దాని పనే అది. లోపల మనకి గాలి కొట్టేది బ్లోయరు. దాని సంగతి చూద్దాం.

సలహాదారుడు: చూడవలసిన పనిలేదు సార్. బ్లోయరు మోటారు, దాని వేగమును నడపు మాడ్యూలు, పైనున్న కంట్రోలు ప్యానెలు, ఈ మూడింటిని మార్చినచో ఈ సమస్య యుండదు. మార్చిన తరువాత కూడ ఉన్నచో, దానిని మేము వేరొక సమస్యగా నమోదు చేసికొందుము.

గృహస్థుడు: ఇంతకు ఏది చెడినదో చూచితిరా?

సలహాదారుడు: చూచుటకు వేరుగా రుసుము కలదు సార్. మార్పించుకొన్నవారికి ఆ రుసుము మినహాయింతుము.

మేస్త్రి: అయ్యా, ఆటో తీసేసి చేత్తో వేగం పెంచండి. ఒకటి... రెండు... ఊఁ, ఇంకా.

(పంకా మెట్టు మెట్టునకు తన స్వరమును పెంచుకొనుచు ఏడవ మెట్టు వరకు పోయి, దించినకొలది దిగివచ్చెను. సలహాదారుని ముఖము కూడ దానితోబాటు దిగెను.)

మేస్త్రి: చెప్పిన మాట వింటోందిగా! మోటారు అరిగితే కీచుమంటది, ఆగి ఆగి తిరుగుద్ది. మాడ్యూలు కాలితే ఇట్టా మెట్టు మెట్టుకీ తేడా చూపించదు. తిప్పుడు మీట ఉండే బండ్లలో రెసిస్టరు కాలిపోయిందనుకోండి, కింది వేగాలన్నీ పోయి ఆఖరిది ఒక్కటే మిగులుద్ది. ఎందుకంటే ఆఖరి మెట్టులో కరెంటు రెసిస్టరు గుండా పోదు, నేరుగా మోటారుకే పోద్ది. ఇక్కడ అదీ లేదు. గ్యాసంటారా, గ్యాసు తగ్గితే కారు చల్లబడదు, చల్లబడకపోతే ఆటోలో ఫ్యాను దిగకుండా హోరెత్తుద్ది, నిజమే. కాని అయ్యగారికి పళ్లు కొట్టుకుంటుంటే గ్యాసు తక్కువని ఎట్టా అంటాం?

బావమరిది: నాకు మాత్రము పండ్లు కొట్టుకొనలేదు.

మేస్త్రి యప్పుడు టీకొట్టువా డిచ్చిన పలుచని కాగితపు ముక్క నొకదానిని తీసి, స్టీరింగు ప్రక్కన బొటనవ్రేలి గోరంత జాలికి ఆనించి చేయి విడిచెను. లోపలి గాలిని కొంచెము కొంచెముగ పీల్చి, తన వెనుక దాగిన ఉష్ణమాపకమునకు చూపించుట ఆ జాలి పని. పీల్చుచున్నచో కాగితము దానికి అంటుకొని నిలువవలెను. కాగితము నిలువలేదు, గృహస్థుని పాదములపై బడెను. జాలి నూడదీయగా అగరుబత్తి బూడిదయు, విభూతియు, సీటుగుడ్డ నూలుపోగులును కలిసి ముద్దగట్టిన పదార్థ మొకటి బయటపడెను. దానిని చూచిన సలహాదారుడు, అట్టి పదార్థమునకు తమ ధరల పట్టికలో సంఖ్య లేనందుననో యేమో, తల త్రిప్పుకొనెను.

మేస్త్రి: ఇది పాపం నిన్నటి పేపరు ఇవాళ చదువుతోందయ్యా. కారు చల్లబడ్డాక కూడా వేడిగా ఉందనుకుంటది, హోరెత్తిస్తది. తీరా చల్లబడిందని తెలిసేసరికి మీరు టోలుగేటు దగ్గర ఉడికిపోతుంటారు. ఇంకోటి, అద్దం కింద ఆ మఖమలు గుడ్డ ఎవరు పరిచారు?

గృహస్థుడు: మా ఆవిడ. దానిపై వినాయకుడు కొలువున్నాడు.

మేస్త్రి: స్వామివారి పీఠం కింద నల్ల బొత్తాం ఉందే, ఎండ ఎంతుందో చెప్పేది అదే. దానికి మీరు పట్టపగలే అర్ధరాత్రి చేశారు. ఎండ లేదనుకుంటే ఫ్యాను ఎందుకు పెరుగుద్ది?

బావమరిది: మా అక్కయ్య ప్రతిష్ఠించిన స్వామిని కదల్చుటయా!

మేస్త్రి: తీసెయ్యమన్లేదు బాబూ, జానెడు ఎడంగా జరపమన్నా.

స్వామి జరిగెను, కుంచెతో జాలి శుభ్రమయ్యెను, రెండవ కాగితము జాలి నంటుకొని వ్రేలాడెను. ఆటో మీట నొక్కగా పంకా మొదట హోరెత్తి, కారు చల్లబడినకొలది మర్యాదగా గొంతు తగ్గించుకొనసాగెను.

గృహస్థుడు: ఎంత యీయవలెను?

మేస్త్రి: వంద ఇవ్వండి.

గృహస్థుడు (అనుమానముతో): వంద రూపాయలకు కుదురు జబ్బా ఇది?

బావమరిది: నేను మొదటినుండియు గాలికి సంబంధించినదేదో యని చెప్పుచునే యుంటిని. గ్యాసు కూడ గాలియే గదా బావగారూ!

గృహస్థుడు (సలహాదారుని ప్రక్కకు పిలిచి, మెల్లగా): ఏమండీ, మీరు చెప్పిన ఆ మూడింటిలో కనీస మొక్కటి మార్పించినచో ఎంత అగును?