అరటిపండు ఒలిచి చేతిలో పెట్టే కరెన్సీ పాఠం

కరెన్సీ ట్రేడింగ్‌లోకి కొత్తగా దిగదలచిన వారు ముందుగా సమకూర్చుకోవలసినవి ఇవి: తొక్క మీద నల్లమచ్చలు పడేదాకా మగ్గిన అరటిపండ్లు మూడు, మైదా రెండు కప్పులు, పంచదార ముప్పావు కప్పు, వెన్న వంద గ్రాములు, కోడిగుడ్లు రెండు, పెరుగు అర కప్పు, వంటసోడా ఒక చిన్న చెంచా, చిటికెడు ఉప్పు, చివర్లో పూయడానికి వెన్న క్రీము, నడుమ పరచడానికి అరటి చక్రాలు, కాస్త నిమ్మరసం. డబ్బు ఇప్పుడే అక్కర్లేదు. ఉన్నా ఎవరికీ చూపించకండి, ముఖ్యంగా ఫోన్‌కి. పొరపాటున వంటల పేజీ తెరిచామేమోనని కంగారు పడనక్కర్లేదు. వారం రోజుల్లో ఫారెక్స్ నేర్పుతామనే పుస్తకాలూ వీడియోలూ నడిచేది వంటల పుస్తకం దారిలోనే కదా! ఈ గీత ఆ గీతను దాటగానే కొనండి, ఇంత లాభం కనబడగానే అమ్మేయండి, రోజుకి అరగంట చాలు. అంతా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టే ఉంటుంది. చిక్కల్లా ఒక్కటే. ఆ పద్ధతి అరటిపండుకి నప్పినట్టు డాలరుకి నప్పదు. ఎందుకు నప్పదో తెలియాలంటే రెండూ పక్కపక్కన పెట్టి చేసి చూడడమే మేలు: కేకు ఓవెన్‌లో, ట్రేడింగు కాగితం మీద.

ముందు ఓవెన్ 180 డిగ్రీలకి వేడెక్కనివ్వండి. ఈలోగా పండ్ల సంగతి. పచ్చి అరటికాయలో సుమారు ఐదో వంతు పిండిపదార్థమే. మగ్గే కొద్దీ కాయలోని ఎంజైములే దాన్ని చక్కెరగా మార్చేస్తాయి. అందుకే కూరకి కాయ, కేకుకి ఇంట్లో వాళ్ళు పారేద్దామనుకునే పండు. చక్కెరకేళి అయితే ఆ వైభవమే వేరు. లేకపోతే బజారులో దొరికే పొడుగు పండ్లతోనూ పని జరిగిపోతుంది. వెన్నా పంచదారా గిలక్కొట్టి, గుడ్లు, చిదిమిన పండు, పెరుగు కలిపి, ఆఖరున మైదా, ఉప్పు, సోడా వెయ్యండి. పండులోని పులుపూ పెరుగులోని పులుపూ తగలగానే సోడా కార్బన్ డయాక్సైడ్‌ని వదులుతుంది, పిండి పొంగుతుంది. అదే పనిగా కలిపారా, మైదాలోని గ్లూటెన్ సాగి కేకు రబ్బరవుతుంది. రెండు ఎనిమిదంగుళాల గిన్నెలకి వెన్న రాసి, పిండి సగం సగం పోసి లోపల పెట్టండి. అరగంట చాలు, కానీ మొదటి ఇరవై నిమిషాలు తలుపు తియ్యకూడదు. తీస్తే నడుమ కుంగుతుంది.

ఈ నియమాలు రావులపాలెంలో ఎంత నిజమో లండన్‌లోనూ అంతే నిజం. అంతకంటే గమనించవలసింది మరొకటుంది: ఈ గుట్టు లక్షమందికి తెలిసిపోయినా సోడా పొంగడం మానదు. పక్కింటావిడ కూడా ఇదే కేకు చేస్తోందని మీ కేకు కుంగిపోదు. రేటు అలా కాదు. ఫలానా గీత దాటితే యూరో పెరుగుతుందని నలుగురికీ తెలిసిందంటే, ఆ గీత దాటకముందే నలుగురూ కొనేసి కూర్చుంటారు. మీరు వెళ్ళేసరికి పెరగాల్సింది పెరిగిపోయి ఉంటుంది, మీకు అమ్మడానికే వాళ్ళు ఎదురుచూస్తూ ఉంటారు. మార్కెట్టు చిన్నదైతే ఏ మూలో కాస్త సందు దొరికేదేమో! స్విట్జర్లాండ్‌లోని బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్ లెక్క ప్రకారం 2025 ఏప్రిల్‌లో ప్రపంచ విదేశీ మారక వ్యాపారం రోజుకి 9.6 లక్షల కోట్ల డాలర్లు. అందులో పెద్ద బ్యాంకుల కంప్యూటర్లు కళ్ళు మూయకుండా కాచుకుని ఉంటాయి. రిచర్డ్ మీస్, కెనెత్ రోగాఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1983లో అప్పటి పేరున్న సిద్ధాంతాలన్నిటికీ పరీక్ష పెట్టారు. ఏడాది లోపు రేటు ఎటు పోతుందో చెప్పడంలో, ఇవాళ ఎంతుందో రేపూ అంతే ఉంటుందన్న మొద్దు ఊహను ఏ సిద్ధాంతమూ నిలకడగా ఓడించలేకపోయింది. పీహెచ్‌డీలు చేసినవారికి చిక్కనిది అరగంట వీడియోతో చిక్కుతుందని నమ్మడానికి అపారమైన గురుభక్తి కావాలి.

ఇక లీవరేజ్. ఇది వంటసోడా లాంటిది, కొలత తప్పనంతవరకు. పదివేలు కట్టిన వాడికి యాభై లక్షల పందెం వేసుకోనిచ్చే యాప్‌లున్నాయి. ఒకటికి ఐదు వందలు. అప్పుడు రేటు 0.2 శాతం ఎదురు తిరిగితే పదివేలూ మాయం. డాలరు 85 రూపాయలనుకుంటే, అది 17 పైసలు. పొద్దున టీ నీళ్ళు మరిగేలోపు అంత కదలిక వచ్చిపోతుంది. వంటలో దీనికి సమానమైన సలహా ఏమిటంటే, చెంచాడు సోడా అన్నచోట ఐదు వందల చెంచాలు వేసి, కేకు ఐదు వందల రెట్లు పొంగుతుందని గిన్నె ముందు కూర్చోవడం. అది చాలక స్ప్రెడ్ ఒకటి: కొనే ధరకీ అమ్మే ధరకీ నడుమ తేడా. కొన్న క్షణాన్నే అమ్మినా ఆ మేరకు నష్టమే. ముల్లొచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది ఏదో మన పెద్దలు లీవరేజ్ పుట్టకముందే తేల్చారు. యూరప్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్మా 2018లో ఇలాంటి పందేలు కాసే చిన్న మదుపరుల ఖాతాల్లో 74 నుంచి 89 శాతం నష్టపోతున్నాయని చెప్పి, ముఖ్యమైన కరెన్సీల మీద లీవరేజ్‌ని ముప్ఫై రెట్లకి కట్టేసింది. తమ ఖాతాదారుల్లో ఎందరు నష్టపోతున్నారో ప్రకటనలోనే అచ్చు వెయ్యమని కంపెనీలని ఆదేశించింది. ‘ఇది కొన్నవారిలో నూటికి ఎనభై మంది కేకులు కుంగాయి’ అని సోడా డబ్బా మీద రాసి ఉంటే ఎవరు కొంటారు? ట్రేడింగ్ యాప్ మీద రాసి ఉంటే మాత్రం, మిగతా ఇరవై మందిలో మనమే ఉంటామని చదువుతాం.

గెలిచిన వాళ్ళు లేరా అంటారు. ఉన్నారు. 1992 సెప్టెంబరు 16న బ్రిటిష్ పౌండు మీద పందెం కాసి జార్జ్ సోరోస్ ఫండ్ దాదాపు వంద కోట్ల డాలర్లు వెనకేసుకుంది. కానీ ఆ రోజు ఎదుట ఉన్నది, నిలబెట్టలేని రేటుని నిలబెడతానని లోకమంతటికీ మాటిచ్చి ఇరుక్కున్న ప్రభుత్వం. అలాంటి ప్రభుత్వం మీకు తారసపడి, చేతిలో వందల కోట్ల డాలర్లు కూడా ఉంటే, ఈ వ్యాసం పక్కన పెట్టి ముందుకు సాగండి. నష్టం ఇంత దాటగానే దానంతటదే అమ్మేసే స్టాప్ లాస్ పెట్టుకుంటే భయమేముందని మరికొందరు. 2011 నుంచి యూరోకి 1.20 ఫ్రాంకుల కంటే దిగనివ్వమని పట్టుబట్టిన స్విస్ కేంద్ర బ్యాంకు 2015 జనవరి 15న ఉన్నట్టుండి చేతులెత్తేసింది. నిమిషాల్లో ఫ్రాంకు 30 శాతం దాకా ఎగిరింది. స్టాప్ లాస్ పెట్టిన ధర దగ్గర కొనే నాథుడే లేడు. ఆ దెబ్బకి బ్రిటన్‌లో ఒక బ్రోకరు సంస్థే దివాలా తీసింది.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది: ఏ వంటైనా నాలుగుసార్లు మాడ్చుకున్నాకే వస్తుంది కదా, ఇదీ అంతే కదా అని. మాడిన కేకు నోరు తెరిచి చెబుతుంది. అడుగు నల్లబడితే వేడి ఎక్కువ, నడుమ కుంగితే తలుపు తీశారు, గట్టిపడితే అతిగా కలిపారు. ట్రేడింగ్‌లో నష్టం అలా చెప్పదు. తప్పుడు ఆలోచనకి లాభం వస్తుంది, సరైన ఆలోచనకి చేతులు కాలతాయి. పైగా మొదటి లాభం ఎంతో ప్రమాదం: ఉప్పు బదులు పంచదార వేసిన కూర ఒకసారి అద్భుతంగా కుదిరితే, ఆ వంటవాడు ఎప్పటికీ బాగుపడడు.

మరి ఈ మార్కెట్టు ఎవరి కోసం? తాడిపత్రి అరటిని గల్ఫ్‌కి పంపే వర్తకుడి కోసం. 2020లో అక్కడి నుంచి ముంబయి ఓడరేవుకి అరటి కోసమే ప్రత్యేక రైలు నడిచింది. మూడు నెలల తరవాత చేతికొచ్చే డాలర్లకి ఇవాళే రేటు కట్టించుకుంటే ఆయనకి నిద్ర పడుతుంది. ఆయన కోరేది లాభం కాదు, ఊహించని నష్టం రాకుండా ఉండడం. రిజర్వు బ్యాంకు చెప్పేదీ దాదాపు ఇదే. 2008 నుంచి ఎన్‌ఎస్‌ఈ స్టాక్ ఎక్స్ఛేంజీలో వెయ్యి డాలర్ల లాట్లతో నడుస్తున్న, ముందే రేటు కట్టుకునే రూపాయి ఫ్యూచర్స్‌లో దిగేవారికి అసలైన విదేశీ మారక అవసరం ఉండాలని 2024లో గట్టిగా గుర్తుచేసింది, ఆ తరవాత అక్కడి వ్యాపారం చిక్కి శల్యమైంది. అనుమతి లేని విదేశీ యాప్‌ల మాటకొస్తే, 2022 నుంచి వాటి పేర్లతో హెచ్చరిక జాబితాయే పెట్టింది; వాటిలో దిగితే విదేశీ మారక చట్టం ఫెమా కింద దిగినవాడిదే బాధ్యత. కాబట్టి మదుపు నియమం ఇది: ముందు అరటితోట, తరవాత ఎగుమతి, తరవాత డాలర్లు, ఆ తరవాతే ఫ్యూచర్స్. మెట్లు తప్పకూడదు.

ఈపాటికి కేకు ఉడికి ఉంటుంది. పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి. బయటికి తీసి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద క్రీము పూస్తే వెన్న కరిగి పై పొర కిందికి జారుతుంది. చల్లారడానికి గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరే అసలు గండం, చేతులు ఖాళీగా ఉంటాయి, ఫోను పక్కనే ఉంటుంది. అందుకే ఈ కేకు ఆదివారం చేస్తే దండగ, ఆ రోజు మార్కెట్టు ఎలాగూ మూసే ఉంటుంది. సోమవారం పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టండి. చల్లారాక ఒక పొర మీద క్రీము పూసి, నిమ్మరసం రాసిన అరటి చక్రాలు పరిచి, రెండోది మీద పెట్టండి. మిగిలింది మూతడబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులుంటుంది. ఆ రెండు రోజుల్లో డాలరు ఎంతకి పోతుందని ఎవరైనా అడిగితే, ఒక ముక్క కోసి పెట్టండి.