లారీ వెనక మాటకు టీకా తాత్పర్యం

అవతారిక: 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర, తర్వాతి రోజుల్లో పండితులను జీతాలకు పెట్టుకుని కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు, టీకలు చేయించాడు. లారీ ఆయన కాలానికి పుట్టలేదు. అందువల్ల లారీ వెనక వాఙ్మయం వ్యాఖ్యానం లేక అనాథగా మిగిలింది. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప చేరే 40వ నంబరు జాతీయ రహదారిలో, బండలో సిమెంటో మోసుకుపోయే లారీల మీద కనిపించే మూలం ఇది.

మూలం: సౌండ్ హారన్. కీప్ డిస్టెన్స్.

ప్రతిపదార్థం: (ఓ బైకువాడా! అని అధ్యాహారము) హారన్ = బూరను; సౌండ్ = మ్రోగింపుము; డిస్టెన్స్ = నీ ముందు చక్రమునకును నా వెనుక కమ్మీకిని నడుమ ఎడమును; కీప్ = ఉంచుకొనుము.

పాఠాంతరం: దుమ్ము పట్టిన కొన్ని ప్రతుల్లో 'కీప్' ఒక్కటే కనిపిస్తుంది. అది లేఖక ప్రమాదం కాదు, వట్టి ప్రమాదం.

తాత్పర్యం: ఎంత ఎడమో కవి చెప్పలేదు. అసలు ఎడం ఉంచుకొమ్మని ఎందుకు చెప్పాల్సి వచ్చిందో ముందు చూద్దాం. బండలతో కలిపి లారీ 30 టన్నులు, ఇద్దరు మనుషులతో బైకు 300 కిలోలు అనుకుందాం. లారీ రోడ్డు పక్కన బ్రేకు వెయ్యకుండా ఆగి ఉంది. బైకు గంటకు 72 కిలోమీటర్ల మీద, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో వచ్చి తగిలి, దానికే అతుక్కుపోయింది. బరువును వేగంతో గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం తాకిడికి ముందు ఎంతో తర్వాతా అంతే. లెక్క వేస్తే లారీ సెకనుకు 20 సెంటీమీటర్లు కదులుతుంది. నిమిషానికి 12 మీటర్లు, ముసలెద్దు కూడా సిగ్గుపడే నడక. బైకు పోగొట్టుకున్న ద్రవ్యవేగం, లారీకి చేరిన ద్రవ్యవేగం గింజ తేడా లేకుండా సమానం. న్యాయం ఇద్దరికీ ఒకటే, వేగంలో మార్పు మాత్రం ఒకరికి సెకనుకు 19.8 మీటర్లు, ఇంకొకరికి 0.2.

విశేషం: 1668లో లండన్ రాయల్ సొసైటీ, వస్తువులు ఢీకొంటే ఏమవుతుందో నియమం చెప్పమని పండితులను అడిగింది. రెన్, హైగెన్స్ తగిలి ఎగిరిపడే వాటి సంగతి చెప్పారు. వాలిస్ తగిలి అతుక్కుపోయే వాటి సంగతి చెప్పాడు. మన వీధుల్లో గోలీలాట హైగెన్స్ శాఖ: నిలిచి ఉన్న గోలీని సరిసమానమైనది సూటిగా కొడితే కొట్టింది ఆగుతుంది, తగిలింది పరుగెత్తుతుంది. లారీ వెనక తగలడం పూర్తిగా వాలిస్ శాఖ. ఇందులో ద్రవ్యవేగం నిలుస్తుంది గానీ గతిశక్తి నిలవదు. 60,000 జౌళ్లలో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు ఇనుము వంచడానికీ ఎముకలు విరచడానికీ పోతాయి. హెల్మెట్‌లోని నురగ చేసేదల్లా తల ఆగే కాలాన్ని కొన్ని మిల్లీసెకన్లు సాగదీయడం. కాలం పెరిగితే దెబ్బ బలం తగ్గుతుంది.

పూర్వపక్షం: 'ఏమి సామీ, బ్రేకులుండాయి గదా, యాడంటే ఆడ నిలబడ్తాది' అని ప్రొద్దుటూరు వైపు పిల్లోడు అంటాడు.

సిద్ధాంతం: నిలబడదు నాయనా. కన్ను చూసి కాలు తొక్కేసరికి ఒకటిన్నర సెకను, అప్పటికే 30 మీటర్లు పోయావు. పొడి తారు మీద గట్టిగా తొక్కినా ఇంకో 40 మీటర్లు పడుతుంది. మొత్తం 70. వేగం సగం చేస్తే తొక్కిన తర్వాతి 40 కాస్తా పదే అవుతుంది. కవి చెప్పకుండా వదిలిన సంఖ్య ఆ 70. ముందు లారీ నడుస్తూ ఉంటే ఇంత అక్కర్లేదు. కానీ అది నడుస్తోందో నిలిచిందో చీకట్లో దగ్గరికొచ్చేదాకా తెలియదు.

ధ్వని: లారీ డ్రైవరు భయం కూడా ఇందులో ఉంది. నిలువుగా పేర్చిన బండలకు బ్రేకు వేసిన సంగతి తెలియదు. కట్టు వదులైతే అవి పాత వేగంతోనే ముందుకొచ్చి క్యాబిన్ వెనక గోడను అడుగుతాయి. వెనక బైకుకు ఎంత దూరం కావాలో, ముందు బండి నుంచి తనకు అంతకన్నా ఎక్కువ కావాలని ఆయనకు తెలుసు. చాలామంది బైకువాళ్లకు తెలియదు.

రసం: హాస్యమని కొందరు. మా మతంలో కరుణమే.

వ్యాఖ్యాత విన్నపం: డ్రైవరన్నా, నీ కావ్యాన్ని రాత్రిపూట ఎవరూ చదవలేరు. బండి పక్కకు ఆపినప్పుడు చుట్టూ రాళ్లు పేర్చి, కంప కొమ్మ గుచ్చి పడుకోవద్దు, పోయేటప్పుడు ఆ రాళ్లు రోడ్డు మీదే మరిచిపోతావు. వెనక లైట్లు వెలిగించు, ఎర్ర రిఫ్లెక్టరు తుడుచుకో, వెనక కింద అడ్డకమ్మీ ఊడిపోయి ఉంటే రేపే బిగించుకో.