గాయంలో నా కాపురం

కత్తెరను చూసి భయపడతారు, సూదిని చూసి మొహం తిప్పుకుంటారు. నన్ను చూసి మాత్రం ఎవరూ ఏమీ అనుకోరు. అంగుళం కూడా లేని వెడల్పుతో, తెల్లగా, మెత్తగా, సీసాలో చుట్ట చుట్టుకుని పడి ఉంటాను. నా పేరు రిబ్బన్ గాజ్. జడకు కట్టే రిబ్బనుకూ నాకూ పోలిక వెడల్పు వరకే. మనిషి ఒంట్లో డాక్టరు కోసిన గుంటలోకి దిగడం, ఒక రోజు అక్కడ కాపురం ఉండడం, తడిసి కంపుకొట్టి బయటికి రావడం నా వృత్తి. నా ముక్క ఒక్కొక్కటీ ఒక్కసారే పనిచేస్తుంది. సీసాలో మిగిలిన భాగం మూత సందులోంచి చూస్తూ ఉంటుంది. ఈ కథ చెబుతున్నది ఆ మిగిలిన భాగమే.

మాది తమిళనాడులో రాజపాళయం పక్కనున్న ఛత్రపట్టి. కట్టుగుడ్డకు పేరుపడ్డ ఊరు. మరమగ్గం మీంచి దిగిన రోజున నాకు నీళ్లంటే పడేది కాదు. పత్తి పోగు మీద పుట్టుకతోనే సన్నటి మైనపు పూత ఉంటుంది, చుక్క వేస్తే జారిపోతుంది. నీళ్లు పీల్చని గుడ్డ గాయానికి ఎందుకు? అందుకని కాస్టిక్ సోడా నీళ్లలో ఉడకబెట్టి ఆ మైనం వదిలించారు, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరిచారు. గంజి పెట్టలేదు. ఆపైన పరీక్ష: నీటి మీద వదిలితే పది సెకన్లలోపు మునగాలి. మునిగినవాళ్లే పాసు. మునగడం వచ్చినందుకు మార్కులు వేసే బడి మాదొక్కటేనేమో. నా రెండంచులూ కత్తిరించినవి కావు, నేసినవి. పోగులు ఊడకుండా ఆ ఏర్పాటు. ఊడిన పోగు గాయంలో ఉండిపోతే ఒళ్లు దాన్ని పరాయిదిగా లెక్కగట్టి చుట్టూ గడ్డ కడుతుంది.

వంశ చరిత్ర చెప్పమంటే చాలా ఉంది. గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు కట్టిన తీరు 1867లో లాన్సెట్ పత్రికలో వచ్చాకే కట్టుకు శుభ్రం ముఖ్యమన్న మాట వైద్యులకు తలకెక్కడం మొదలైంది. 1880లో బర్మింగ్‌హామ్ సర్జన్ గామ్‌జీ రెండు గాజ్ పొరల మధ్య దూది పెట్టి కొత్తరకం కట్టు తయారుచేశాడు. అది మా పెదనాన్న లాంటిది. ఈ గొప్పలు పక్కన పెట్టి తెనాలి సంగతికి వస్తాను. నేను నిజంగా పనిచేసింది అక్కడ.

అక్కడొక పెద్దాయన మునిసిపాలిటీ నీళ్ల పంపుహౌసులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన భార్యకు చక్కెర జబ్బు. వీపు మీద, ఎడమ రెక్క ఎముక కింద సెగ్గడ్డ లేచింది. పండుతుందిలే, అదే పగులుతుందిలే అని ఉల్లిపాయ కాల్చి కట్టారు. జ్వరం వచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు కోసి చీము తీశారు. కుట్లు వెయ్యలేదు. లోపల నాలాంటి వాడినొకడిని పెట్టి పైన కట్టు కట్టి, రోజూ డ్రెస్సింగ్ చేయించుకోమన్నారు. రోజూ ఆటోలో గతుకుల మీద తిప్పితే ఆవిడ ఓర్చుకోలేదు. అప్పుడు ఆసుపత్రి సిస్టర్ అంది, "మీరే నేర్చుకోండి బాబాయిగారూ. గుంట చిన్నదే. నేను చూపిస్తా."

కోసి కుట్టకుండా పంపడమేమిటని కోడలికి ఒకటే అనుమానం. సిస్టర్ చెప్పిన జవాబు నాకు మా ఫ్యాక్టరీలో కూడా ఎవరూ చెప్పలేదు. చర్మం తొందరపాటు మనిషట. లోపల గుంట ఖాళీగా ఉన్నా పైన రెండు పెదవులూ కలిపేసుకుంటుంది. అడుగున రసి నిలుస్తుంది, అది మళ్లీ చీమవుతుంది, మళ్లీ కత్తి పడుతుంది. గాయం అడుగునుంచి పూడుకుంటూ పైకి రావాలి. అందాకా ఆ నోరు మూసుకోకుండా చూడడం, ఊరిన రసిని పీల్చుకోవడం, ఈ రెండే నా పనులు. మాన్పేది నేను కాదు. ఆవిడ రక్తం, ఆవిడ తిండి, చక్కెర అదుపు మాన్పుతాయి.

ఆయన నేర్చుకున్న వరస ఇది. డాక్టరు రాసిన నొప్పి మాత్ర అరగంట ముందు వేయాలి. ఇది మరిచారా, తర్వాతవన్నీ కేకల మధ్యే. ఆవిడను బోర్లా పడుకోబెట్టి, చేతులు సబ్బుతో మోచేతిదాకా కడిగి, గ్లవుజులు తొడుక్కుని పాత కట్టు విప్పాలి. లోపలి ముక్క అంటుకుపోతే లాగకూడదు. సెలైన్ పోసి నానబెట్టి, తోక పట్టుకుని మెల్లగా తీయాలి. ఎండిన ముక్కను పీకితే కొత్తగా పుట్టిన కండ కూడా దానితోనే వచ్చేస్తుంది. తీసినవాటిని, ఆ గ్లవుజులను సంచిలో వేసి, చేతులు మళ్లీ కడిగి కొత్త జత తొడుక్కోవాలి. సూది లేని సిరంజితో సెలైన్ చిమ్మి గుంట కడగాలి. ఇరవై నిమిషాలు మరిగించిన కత్తెర, ఫోర్సెప్స్‌తో నన్ను సీసాలోంచి కావలసినంత తీసి, సెలైన్‌లో తడిపి, నీరు కారకుండా పిండి, ముందు అడుగుకు చేర్చి, అక్కణ్ణుంచి మడతలు పేర్చుకుంటూ రావాలి. రెండంగుళాల తోక బయట వదిలి, చర్మానికి టేపు వేసి, పైన పొడి గాజ్ పెట్టాలి. ఎప్పుడూ ఒకే ముక్క. చాలలేదని ఇంకో చిన్న ముక్క దోపితే అది దాక్కుంటుంది, దొరకదు.

ఇంతా విని, ఇంటికొచ్చిన మొదటి రోజు ఆయన చేసిన పని చెబుతాను. సిస్టర్ జానెడు పట్టించిన చోట ఆయన మూర పట్టించారు. ముప్ఫై ఏళ్లు కారే పైపుల మీద యుద్ధం చేసిన చెయ్యి. సందు కనిపిస్తే కుక్కకుండా ఉండలేదు.

"కాస్త ఓర్చుకో, అయిపోయింది."

"ఓర్చుకోవడానికి అది మీ పంపు కాదండీ, నా వీపు!"

లోపలున్న నా ముక్క పరిస్థితి నాకు తెలుసు. గోడలను నొక్కేస్తున్నాను. నొక్కిన చోట రక్తం సరిగా ఆడదు, కొత్త కండకు చోటు దొరకదు. తాగాల్సిన రసికి నేనే అడ్డం పడి, దాన్ని నా వెనకే నిలబెడుతున్నాను. కాపలాకు పెట్టినవాడే తలుపు మూసేసినట్టయింది. ఆవిడ ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారగానే ఆయన సిస్టర్‌కు వీడియో కాల్ చేశారు. ఆ పిల్ల చూసీ చూడగానే, "అంతా తీసేయండి, వదులుగా పెట్టండి" అంది.

"వదులు అంటే ఎంత వదులమ్మా?"

సిస్టర్ ఏదో చెప్పబోయింది. ఆయనే అందుకున్నారు. "పంపు షాఫ్టు చుట్టూ ప్యాకింగ్ తాడు చుడతాం కదా. గ్లాండు నట్లు మరీ బిగిస్తే నీళ్లు ఆగుతాయి గానీ, వేడెక్కి స్లీవు కాలిపోతుంది. బొట్టు బొట్టు కారేట్టు వదిలెయ్యాలి. ఇదీ అంతేనా?"

"మీ పంపు సంగతి నాకు తెలీదు గానీ బాబాయిగారూ, ఇది మాత్రం అంతే."

ఆ రోజునుంచి ఆయన చెయ్యి మారింది. ఫోర్సెప్స్‌తో నెట్టడం మానేసి, నన్ను నా బరువుకు నేనే జారనిచ్చేవారు. గుంట గోడలకు తగులుతూ, ఎక్కడా నొక్కకుండా నేను ఒదిగేవాణ్ణి. ఆవిడ కళ్లు మూసుకుని ఊళ్లో సంగతులు అడిగేది. డ్రెస్సింగ్ మధ్యలో ఊళ్లో సంగతులు అడిగారంటే పనిమంతుడి చేతిలో ఉన్నారన్నమాట.

ఫిట్టరు బుద్ధి ఇంకోచోట కూడా అక్కరకొచ్చింది. గోడ క్యాలెండరులో తిథి, రాహుకాలం అచ్చేసిన గడిలోనే లోపలికి ఎంత పొడుగు వెళ్లిందో, బయటికి ఎంత వచ్చిందో పెన్సిలుతో రాసేవారు. కోడలు నవ్వేది. నేను నవ్వలేదు. పెద్దపెద్ద ఆపరేషన్ గదుల్లో మావాళ్లను లెక్కపెట్టి లోపలికి పంపి, లెక్కపెట్టి బయటికి తీస్తారు. అయినా ఒక్కోసారి ఒకరు లోపలే ఉండిపోయి, ఏళ్ల తర్వాత స్కానింగులో గడ్డలా కనిపించిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఇంట్లో లెక్క రాసుకునేవాళ్లు అరుదు. తోక బయటికి కనిపించకపోయినా, తీసిన ముక్క రాసుకున్న పొడుగుకన్నా తక్కువగా వచ్చినా వేళ్లతో వెతక్కుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక పథ్యం గొడవ. పక్కింటి పెద్దావిడ పరామర్శకొచ్చి గుమ్మంలోంచే మొదలుపెట్టింది. పప్పు పెట్టకండి, చీము పడుతుంది. గుడ్డు వద్దు. వంకాయ సరేసరి, గోంగూర పేరెత్తొద్దు. ఇంక మిగిలిందల్లా చారన్నం, మజ్జిగన్నం. ఆవిడ అవే తింటూ కూర్చుంది. తెలుగు దేశంలో ఏ గాయం చుట్టూ చూసినా ఈ నిషేధాల పట్టిక వేలాడుతూనే ఉంటుంది. నేను గాయం లోపలికి వెళ్లొచ్చినవాణ్ణి గనక గట్టిగానే చెబుతాను: చీము పప్పు వల్ల పట్టదు, సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది. గుంట పూడ్చాల్సిన కండ మాంసకృత్తులతో తయారవుతుంది. పప్పు, గుడ్డు మాన్పించి వట్టి అన్నం పెడితే పూడ్చేందుకు సరుకు లేదు, పైగా రక్తంలో చక్కెర పెరుగుతుంది. చక్కెర ఎక్కువైతే క్రిములతో పోరాడే తెల్లకణాలు మందకొడిగా తయారవుతాయి. అయిపోయిందా! సిస్టర్ ఫోనులో ఈ మాటే చెప్పాక మధ్యాహ్నం ముద్దపప్పు, పొద్దున ఉడికించిన గుడ్డు మొదలయ్యాయి. పక్కింటావిడ చాలాకాలం మాట్లాడలేదు.

పసుపు, కాఫీపొడి, స్పిరిట్ కూడా ప్రయోగించాలని చూశారు. పొడి ఏదైనా గుంటలో పోస్తే అది నాకన్నా ముందు వెళ్లి అడుగున కూర్చుంటుంది. స్పిరిట్ మంటపెట్టి క్రిములతోపాటు కొత్త కణాలను కూడా చంపుతుంది. అందుకే మామూలుగా కడగడానికి ఉత్త సెలైనే. లీటరు నీటికి తొమ్మిది గ్రాముల ఉప్పు, అంతే దాని రహస్యం. అయినా ఇంట్లో కలుపుకోకండి. సీలున్న సీసా తెచ్చుకుని, తెరిచిన మర్నాటికి పారబోయండి.

నా పొట్ట కొట్టే సంగతులు కూడా దాచను. 1962లో జార్జ్ వింటర్ పందుల మీద పరిశీలించి, గాయం మీద తేమ నిలిపితే ఎండబెట్టినదానికన్నా త్వరగా చర్మం కప్పుకుంటుందని నేచర్ పత్రికలో చూపించాడు. ఎండిపోయి అంటుకునే స్వభావం ఉన్న నాకు అది మొదటి దెబ్బ. ఆపైన సముద్రపు నాచుతో చేసిన ఆల్జినేట్ కట్లు వచ్చాయి, రసిని లాగే వాక్యూమ్ యంత్రాలు వచ్చాయి. మలద్వారం పక్కన కోసిన గడ్డల మీద బ్రిటన్‌లో చేసి 2022లో ప్రచురించిన పరీక్షలో, లోపల ఏమీ కుక్కకుండా పైన కట్టు మాత్రమే కట్టినవాళ్లకు నొప్పి తక్కువని తేలింది. గడ్డ తిరగబెట్టడం, ఫిస్టులా కావడం వాళ్లలో ఎక్కువేమీ కాలేదు. కాబట్టి కోసిన ప్రతి గుంటకూ నేను అక్కర్లేదు. "లోపల పెట్టాలా, పైన కడితే చాలా?" అని డాక్టర్ని అడగడం తప్పు కాదు. ఆవిడ గుంట లోతైనది, నోరు ఇరుకు, చక్కెర ఉంది. అక్కడ నన్ను పెట్టడం సబబే. ఇంకా ఊళ్లలో నేనే ఎక్కువగా దొరుకుతున్నానంటే కారణం ఒకటే, చవక.

రోజులు గడిచేకొద్దీ క్యాలెండరు మీద పొడుగు తగ్గుతూ వచ్చింది. జానెడు బెత్తెడయింది, బెత్తెడు రెండు వేళ్లయింది. మొదట్లో నా మీద పచ్చటి మరక, తర్వాత గులాబి రంగు నీరు. గుంట అడుగు ఎర్రగా, గింజ గింజలుగా కనిపిస్తోందనీ, తగిలితే చిన్న రక్తపు చుక్క వస్తోందనీ ఆయన కంగారుపడ్డారు. "అదే మంచి కండ, భయపడకండి" అంది సిస్టర్. భయపడాల్సినవి వేరే ఉన్నాయని అప్పుడే కాగితం మీద రాయించింది: మళ్లీ జ్వరం, గాయం చుట్టూ పాకే ఎరుపు, కొత్తగా కంపు, తగ్గాల్సిన నొప్పి పెరగడం, పది నిమిషాలు గట్టిగా నొక్కినా ఆగని రక్తం. వీటిలో ఏదొచ్చినా ఇంటి వైద్యం ఆపేసి వచ్చేయమంది. ఏదీ రాలేదు. ఒక రోజు సిస్టర్ చూసి, ఇక లోపల పెట్టొద్దు, పైన గాజ్ చాలు అంది. తోలు దానంతటదే కప్పుకుంది.

సీసాలో నేనింకా కొంత మిగిలాను. ఆయన మూత బిగించి, వెనక గదిలో స్పానర్ల పక్కన బీరువాలో పెట్టారు. ఎవరికైనా పనికొస్తుందట. మన ఇళ్లలో ఏదీ ఊరికే పారెయ్యరు, అది మంచి గుణమే. నా విషయంలో మాత్రం వద్దు. నా సీసా మూత చాలాసార్లు తెరిచారు. ఒక ఒంటి గాయం పక్కన తెరిచిన సీసా ఇంకో ఒంటికి శుభ్రమైనది కాదు, బయటికి ఎంత తెల్లగా కనిపించినా సరే. మళ్లీ ఎవరికైనా గడ్డ కోస్తే సీలున్న కొత్త సీసా కొనండి. నన్ను కాగితంలో చుట్టి చెత్త బండికి ఇచ్చేయండి.