కొండమీది నాన్నగారు

డిస్నీ వారి పాత బొమ్మల సినిమాలంటే ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగ్గవని పేరు. చూశాం. చూడగా చూడగా నాకు మిగిలిన అనుమానం ఒక్కటే: ఈ ఇంటిల్లిపాదిలో నాన్న లెక్కకొస్తాడా, రాడా?

1937 నాటి ‘స్నోవైట్’ చూడండి. సవతి తల్లి రాణిగారు పిల్లకు చింకిబట్టలు కట్టి మెట్లు కడిగిస్తుంది. చాలక, దాని గుండె కోసి పెట్టెలో పెట్టి తెమ్మని వేటగాణ్ణి పంపిస్తుంది. రాణి ఉందంటే ఎప్పుడో ఒక రాజు ఉండే ఉంటాడు కదా? సినిమాలో ఆయన ఊసే లేదు. ‘సిండ్రెల్లా’ తండ్రి కొంత నయం. పిల్లకు తల్లి ఆలనాపాలనా ఉండాలని రెండో పెళ్లి చేసుకుని, ఆ ఆలన ఏపాటిదో చూడకుండానే కన్నుమూశాడు. చాకిరీ పిల్లది, శాపనార్థాలు సవతి తల్లివి. ఏరికోరి ఆవిణ్ణి తెచ్చిన పెద్దమనిషిని మాత్రం పల్లెత్తు మాట అనేవాడు లేడు.

ఈ సినిమాల్లో తల్లులు ఎందుకు పోతారని పరిశోధించినవాళ్లున్నారు. 1938లో వాల్ట్ డిస్నీ తల్లి ప్రమాదంలో చనిపోయారు, ఆ దుఃఖమే ఇదంతా అంటారు. స్నోవైట్ అంతకు ముందు ఏడాదే తెరకెక్కిందని గుర్తుచేస్తే నీళ్లు నములుతారు. సరే, తల్లులు చచ్చిపోతారు. బతికున్న తండ్రులు ఏం చేస్తున్నట్టు?

‘స్లీపింగ్ బ్యూటీ’లో స్టీఫన్ మహారాజు బిడ్డకు తగిలిన శాపానికి భయపడి ఊళ్లో రాట్నాలన్నీ తగలబెట్టించి, చంటిపిల్లను 16 ఏళ్లపాటు అడవిలో ముగ్గురు దేవకన్యల దగ్గర వదిలేశాడు. ఆ పిల్ల తిరిగొచ్చే రోజున కాబోయే వియ్యంకుడితో కలిసి మందు కొడుతూ కొత్త జంటకు 40 పడకగదుల ఇంటి ప్లాను చూస్తుంటాడు. పెళ్లికూతురి మొహం ఇంకా చూడనేలేదు.

‘పినోకియో’లో జెప్పెట్టో మంచివాడే. కాకపోతే రాత్రి ప్రాణమొచ్చిన కొయ్యబొమ్మను తెల్లారేసరికి ఒంటరిగా బడికి తోలాడు. నీలిదేవత ఈ సంగతి ముందే పసిగట్టినట్టుంది, అంతరాత్మ ఉద్యోగాన్ని ఒక కీచురాయికిచ్చింది. తర్వాత జెప్పెట్టో కొడుకును వెతుక్కుంటూ పోయి తిమింగలం కడుపులో పడ్డాడు. అందుకు పాస్ మార్కులు వేద్దాం. అసలు నీతి అంతా ఒక బండివాడు పిల్లల్ని తోలుకెళ్లే వినోదాల దీవిలో ఉంది. అక్కడ చుట్ట కాల్చి, బిలియర్డ్స్ ఆడిన పిల్లలు గాడిదలైపోతారు. ఆ గాడిదలను ఉప్పు గనులకూ సర్కసులకూ తోలి సొమ్ము చేసుకున్న బండివాడికి మాత్రం ఒక తోక వెంట్రుకైనా మొలవదు. అబద్ధమాడితే ముక్కు సాగుతుంది, పిల్లల్ని అమ్మితే ఏమీ సాగదు. మన కొయ్యపిల్లాడు మనిషయ్యాడు, సుఖాంతం. మిగతావాళ్లు ఇప్పటికీ ఆ గనుల్లోనో సర్కసుల్లోనో ఓండ్రపెడుతూ ఉండాలి. వాళ్ల నాన్న ఒక్కడూ వెతుక్కుంటూ వచ్చిన దాఖలా లేదు.

‘డంబో’ది 1941. కొంగ పార్సిల్లో బిడ్డను తెచ్చిస్తుంది. తండ్రి పేరు రాసే గడి ఖాళీ. బిడ్డ చెవులు పట్టి లాగిన ఆకతాయికి తల్లి ఏనుగు నాలుగు తగిలించిందని, పిచ్చిదని ముద్రవేసి గొలుసులతో కట్టేస్తారు. చివరికి కొడుకు ఎగరడం నేర్చాడు, పేపర్లకెక్కాడు, హాలీవుడ్ కాంట్రాక్టు వచ్చింది. అమ్మకు ప్రత్యేక రైలుపెట్టె ఇచ్చారు. వైద్యుడు రాలేదు, మందు పడలేదు. బిడ్డ సంపాదనలో పడగానే తల్లి పిచ్చి కుదిరింది.

ఇక అందరిలోకీ శిఖరం జింకపిల్ల ‘బాంబి’ తండ్రి. శిఖరం అనడం అక్షరాలా నిజం, ఆయన నివాసమే కొండకొమ్ము. ఒకసారి మైదానంలోకి దిగొచ్చి, కొడుకువైపు ఒక చూపు చూసి, పలకరించకుండానే వెళ్లిపోతాడు. ఆయన ఎంత గొప్పవాడో తల్లి చెప్పుకోవాలి. చలికాలం ఆకలికి బెరడు నమిలించింది తల్లి, తుపాకి మోగితే వెనక్కి చూడకుండా పరుగెత్తమన్నది తల్లి. ఆమె పోయాక, మంచులో వెతుక్కుంటున్న పిల్లాడి ముందు నాన్నగారు ప్రత్యక్షమై, అమ్మ ఇక రాదని చెప్పి తీసుకుపోతాడు. మరునిమిషం తెరమీద వసంతం, పిట్టల పాట.

ఆఖరి దృశ్యంలో బాంబి జంట ఫెలీన్‌కు కవలలు పుట్టారు. పొదలో పిల్లల పక్కన ఆమె. అడవంతా చూడటానికొచ్చింది. బాంబి ఏడీ? కొండమీద, కొమ్ములు పైకెత్తుకుని. పక్కనున్న ముసలి నాన్నగారు ఒకసారి కొడుకువైపు చూసి, చార్జి అప్పగించిన ఆఫీసరులా మెల్లగా వెళ్లిపోయారు.