స్టాంపున్న తిరుగు కవరు

పత్రికలకు కథలు పంపేవాళ్ళకు మా జాతి బాగా తెలుసు. తిప్పి పంపిన కథను ఇంటికి మోసుకొచ్చేది మేమే. నా పని మాత్రం వేరు. నాలుగు పేజీల సర్వే ఫారం మడతలో కూర్చుని, పెరంబూరులో ఒక డాక్టరమ్మ జవాబు పట్టుకెళ్ళడానికి వచ్చాను.

1975లో డాక్టర్ కె.ఎం.చెరియన్ దేశంలోనే మొదటి గుండె బైపాస్ చేసిన రైల్వే ఆసుపత్రి ఈ పెరంబూరుదే. నేను దిగింది ఒక సందులోని చిన్న క్లినిక్‌లో. "ఇదీ మందుల కంపెనీదేనమ్మా" అంటూ కాంపౌండరు నన్ను మెడికల్ రెప్పులు వదిలిన కాగితాల కింద తోసేశాడు. అతన్నేం అనను. బయట బెంచీ నిండా దగ్గులే.

ఆ కుప్పలో ఇంకో తిరుగు కవరుంది. స్టాంపు లేదు, అచ్చేసిన లైసెన్సు నంబరుంది. తిరిగొస్తేనే దానికి ఖర్చు. నేను వెళ్ళినా వెళ్ళకపోయినా నా స్టాంపు డబ్బు అయిపోయినట్టే. ఈ దుబారాకే ఫలితం ఎక్కువట! 2002లో ఫిల్ ఎడ్వర్డ్స్ పరిశోధక బృందం పోస్టు సర్వేల మీద జరిగిన 292 ప్రయోగాలను కలిపి చూస్తే, స్టాంపున్న కవర్లు పెట్టినప్పుడే జవాబులు ఎక్కువగా వచ్చాయి. ఫారం చిన్నదైతే, డబ్బు జతచేస్తే, గుర్తుచేస్తూ మళ్ళీ పంపితే ఇంకా పెరిగాయి.

డాక్టర్లు అసలు జవాబే ఇవ్వరన్నది అపవాదు. 1951లో పరిశోధకులు రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ పొగతాగే అలవాటు గురించి బ్రిటన్‌లో దాదాపు 60,000 మంది డాక్టర్లకు ఉత్తరాలు రాస్తే 40,000 పైచిలుకు జవాబులొచ్చాయి. వాళ్ళు అడిగింది కొద్ది ప్రశ్నలే. మావాళ్ళు నాలుగు పేజీలు నింపమన్నారు!

ఆ సంగతి మావాళ్ళకూ తట్టినట్టుంది. కొన్నాళ్ళకు రెండో ఉత్తరం వచ్చింది. ఒకే పేజీ, పైన చేత్తో రాసిన డాక్టరమ్మ పేరు. అది చూసి కాంపౌండరు నేరుగా లోపలికి తీసుకెళ్ళాడు. ఇద్దరు పేషెంట్ల మధ్య ఆవిడ టిక్కులు పెట్టేసింది. దాంతో వచ్చిన కొత్త కవరు ఏదని చూస్తే, అప్పటికే కాంపౌండరు అందులో ఎవరికో మాత్రలు పొట్లం కట్టిచ్చేశాడు.

"ఆ పాత కవరుండాలి చూడవయ్యా" అంది.

అలా నాకు ప్రయాణం కుదిరింది. నెలసరి ఆదాయమెంత అన్నచోట మాత్రం ఆవిడ ఖాళీ వదిలేసింది. పక్కనే, "ఇది మీకెందుకు?" అని రాసింది.