కుళ్ళు లేనిదే కళ లేదు

కళకు ప్రేరణ ఎక్కణ్ణించి వస్తుందని పెద్దవాళ్లని అడిగితే ప్రకృతి అంటారు, ప్రేమ అంటారు, మరీ పెద్దవాళ్లయితే మౌనం అంటారు. ఇందుకూరుపేట దాటి మైపాడు సముద్రం దాకా ఉన్న మా పల్లెల్లో మొదటి రెండింటికీ లోటు లేదు. మౌనమే కాస్త కరువు. రొయ్యల గుంటల్లో ఏరియేటర్లు రాత్రంతా నీళ్లు చిమ్ముతూనే ఉంటాయి. ఎన్ని ఉన్నా, ఈ చుట్టుపక్కల ఎవరి చేతిలోనన్నా ఒక అందమైన వస్తువు తయారైందంటే దాని వెనక నాకు కనపడేది ఒక్కటే: పక్కింటివాళ్ల మీద కుళ్ళు.

రుజువు కావాలంటే ధనుర్మాసంలో మా వీధికి రండి. మామూలు రోజుల్లో మా ఆవిడ గుమ్మం ముందు నాలుగు గీతలు లాగి లోపలికొచ్చేస్తుంది. ఎదురింటావిడ 15 చుక్కలు పెట్టి, సందు చుక్క 8 దాకా దించి, మెలికల ముగ్గు వేసిన మర్నాడు మాత్రం మా ఇంట్లో నాలుగింటికే లైటు వెలుగుతుంది. 21 చుక్కలు, సందు చుక్క 11 దాకా. ఆ రోజు నా కాఫీ ఎనిమిదింటికి.

చలికి దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చుని చూస్తే తెలుస్తుంది, అది ఎంత లెక్కల వ్యవహారమో. కల్లాపి ఎక్కువైతే పిండి తడిలో కలిసిపోతుంది, తక్కువైతే సముద్రం గాలికి ఎగిరిపోయి ఎదురింటావిడ ముగ్గులో పడుతుంది. అది ఇంకా అవమానం. అందుకని మా ఆవిడ గాలికి వీపు పెట్టి వంగుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి సన్నగా జారుతుంటే చెయ్యి ఎక్కడా ఆగదు. ఒక మెలిక బయల్దేరిన చోటికే తిరిగి రావాలి, దారిలో ఒక్క చుక్క కూడా ఒంటరిగా మిగలకూడదు. మిగిలిందో, ఎదురింటావిడ పళ్లు తోముకుంటూ బయటికొచ్చి, ఆ ఒక్క చుక్క దగ్గరే నిలబడి, "బాగుంది వదినా" అంటుంది. ఆ మాట విన్నాక మా ఇంట్లో ఆ పూట కూరలో ఉప్పుకి గ్యారంటీ లేదు.

మర్నాడు ఆవిడ రంగులు దించుతుంది. ఇటు నుంచి గొబ్బెమ్మల మీద గుమ్మడి పూలు. భోగి వచ్చేసరికి రెండు ఇళ్ల ముగ్గులూ వీధి మధ్యలో కలుసుకుంటాయి, నా బండి రామాలయం దగ్గరే ఆగిపోతుంది. ఊరంతా వచ్చి చూసిపోతారు. ఇందులో ప్రకృతి ఏ పాటిదో, ప్రేమ ఏ పాటిదో మీరే చెప్పండి.

మా అన్న కూతురు పండక్కి రాకపోయుంటే ఈ సిద్ధాంతం నా పొట్టలోనే ఉండిపోయేది. అమ్మాయి బెంగుళూరులో డిజైన్ చదువుతోంది. బ్యాగు దించుతూనే, "బాబాయ్, నేను ఇన్‌స్పిరేషన్ కోసం వచ్చాను" అంది. రొయ్యల కోసం వచ్చే చుట్టాలు తెలుసు, ఒడ్ల బస్తా కోసం వచ్చేవాళ్లు తెలుసు, దీనికోసం వచ్చింది ఈ పిల్లే. గవ్వలు, తెగిన నైలాను తాడు ముక్కలు, తుప్పు పట్టిన మేకులు, ఎండిన తాటాకు ఏరుకొచ్చి ఒక అట్ట మీద అంటించింది. మూడ్ బోర్డట. ఆ లెక్కన మా అటక కూడా తరాల నాటి మూడ్ బోర్డే, ఇన్నాళ్లూ దాన్ని ఖాళీ చెయ్యమని నన్ను తిడుతున్నారు.

మైపాడు ఒడ్డుకి తీసుకెళ్లాను. ఇసుక మీద ఫైబర్ బోట్లు వరసగా ఉన్నాయి. నీలం మీద పసుపు చార, పసుపు మీద ఎర్రంచు, ఒకదాని ముక్కు మీద గంగమ్మ పేరు, ఇంకోదాని మీద ఏసు పేరు, రెంటి మీదా పక్కన ఒకే సినిమా హీరో. అమ్మాయికి కళ్లు చెదిరిపోయాయి. వల సర్దుకుంటున్న ఒక బోటాయన్ని పట్టుకుని, "ఈ రంగులు ఎలా ఆలోచించి వేస్తారండీ?" అని అడిగింది.

"ఆలోచనేముండాది పాపా. నిరుడు ఆ పక్క బోటోడు పచ్చ రంగు ఏపిచ్చినాడు. నేను పసుపు ఏపిచ్చా. అది సూసి వాడు ఎర్రంచు కొట్టిచ్చినాడు. నేనేమన్నా ఊరకుంటానా?"

అమ్మాయి పుస్తకంలో "రంగుల మధ్య సంభాషణ" అని రాసుకుంది. ఆ ఇద్దరికీ ఏడాదిగా మాటల్లేవని తర్వాత తెలిసింది.

"నువ్వన్నీ తేలిక చేసేస్తావ్ బాబాయ్, అసూయ నుంచి కళ పుట్టడమేంటి?" అని కోప్పడింది. అప్పుడింక చరిత్ర తియ్యక తప్పలేదు. బోటాయన కట్టుకున్న గళ్ల లుంగీ చూపించి మొదలుపెట్టాను.

మనకి దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్లు 1610లో కొట్టు తెరిచారు, 1613లో గెల్డ్రియా అని కోట కూడా లేపారు. అక్కడి రొయ్యలు తినడానికి కాదు. జావా, మలుకు దీవుల్లో లవంగాలు, జాజికాయ కావాలంటే చేతిలో ఈ తీరం బట్ట ఉండాలి. ఇక్కడ నేసిన గళ్ల గుడ్డలు, అద్దకం గుడ్డలు ఓడలెక్కి పోయేవి. మలేషియాలో, ఇండోనేషియాలో ఈ రోజుకీ గళ్ల లుంగీకి పులికాట్ పేరే. డచ్చివాళ్ల గల్లాపెట్టె చూసి ఇంగ్లీషువాళ్లకి నిద్ర పట్టలేదు. 1621లో పులికాట్‌లోనే వాటాకి దిగారు, డచ్చివాళ్లు ఉండనిచ్చారు కాదు. దాంతో కాస్త ఉత్తరానికి జరిగి 1626లో వాకాడు దగ్గర దుగరాజపట్నంలో సొంత కొట్టు పెట్టుకున్నారు. దానికి ఆర్మగాన్ అని పేరు. సాయం చేసిన ఆర్ముగ ముదలియార్ పేరే దొరల నోట్లో పడి అలా అయిందంటారు.

అంతటితో ఊరుకున్నారా? అక్కడి పెద్ద ఫ్రాన్సిస్ డేకి దుగరాజపట్నం సరుకు ఆనలేదు. ఇంకా కిందికి పోతే అద్దకం బట్ట మేలుగా, చవగ్గా దొరుకుతుందని 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఒక ఇసుక దిబ్బకి పట్టా రాయించుకున్నాడు. అదే మద్రాసు. శాంథోంలో ఆయనకి ఒక ప్రియురాలు ఉందనీ, అసలు సంగతి బట్ట కాదనీ తర్వాత ఒక పుకారు పుట్టింది. నాకు పుకారే ఎక్కువ నచ్చుతుంది గానీ, లెక్క ప్రకారం గుడ్డకే ఓటెయ్యాలి. దుగరాజపట్నం వాటాకి ఆర్మగాన్ పేరుతో ఒక లైట్‌హౌసు మిగిలింది, 2014 విభజన చట్టంలో ఒక పోర్టు హామీ దక్కింది. ఆ హామీ సంగతి సముద్రానికి తెలుసు.

"అంటే మద్రాసు కూడా కుళ్ళుతోనే పుట్టిందంటావా?" అంది అమ్మాయి. పిల్ల దారిలో పడుతోందనుకున్నాను.

ఇంటికొచ్చాక వాళ్ల పిన్ని నా వైపు సాక్ష్యం చెప్పింది, తనకి తెలియకుండానే. బీరువాలోంచి వెంకటగిరి చీర తీసింది. వెలుగోటి రాజుల ఆదరణలో పెరిగిన నేత అది. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు వెంకటగిరి తిరుపతి జిల్లాకి పోయినా, చీరని మాత్రం మా ఆవిడ ఇంకా నెల్లూరు లెక్కలోనే ఉంచింది. సన్నటి నూలు, జరీ అంచు, ఒళ్లంతా జాందానీ బుటాలు. "ముందు చూడ్డం కాదు, తిప్పి చూడు" అని పైట తిరగేసింది. వెనక వైపు కూడా ముందు వైపంత శుభ్రంగా ఉంది, వేలాడే పోగు ఒక్కటి లేదు. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. బుటా వచ్చే చోటల్లా పడుగు పోగులు నాలుగు ఎత్తి, చిన్న కండెతో రంగు నూలు చేత్తో దూర్చి, ఆపైన ఒక పేక నేస్తారు. మళ్లీ పోగులు ఎత్తడం, మళ్లీ దూర్చడం. ఒక చిన్న మామిడి పిందె లేవాలంటే ఎన్నిసార్లు దూర్చాలో! "వెనక వైపు ఎవరు చూస్తారు పిన్నీ, అంత కష్టం ఎందుకు?" అని అడిగింది అమ్మాయి.

"ఎవరు చూస్తారంటావేమే? పెళ్లిలో మా పెద్దాడబిడ్డ నా పైట తిరగేసి మరీ చూసింది!"

ఆ చీర కొన్నదే ఆ పెద్దాడబిడ్డ అంతకుముందు పెళ్లికి కట్టుకొచ్చిన చీర చూసి. బిల్లు కట్టినవాణ్ణి, నాకు బాగా జ్ఞాపకం. వెనకా ముందూ ఒకేలా ఉండే బట్ట ఎందుకు పుట్టిందో పుస్తకాల్లో ఏమన్నా రాసుండొచ్చు. ఆడబిడ్డలున్న దేశంలో వేరే కారణం నాకైతే అక్కర్లేదు.

ఉదయగిరి చెక్క గరిటెల సంగతీ అంతే. జిల్లాకి పడమట కొండల కింద, నర్ది, బిక్కి లాంటి చెట్ల కలపతో అక్కడి ఆడవాళ్లు చేత్తో చెక్కుతారు, కాడ మీద నగిషీ కూడా. పులుసు కలపడానికి అంతకంటే మంచి గరిటె లేదు. మా ఇంట్లో అవి షోకేసులో ఉన్నాయి, ఎదురింటి కిటికీకి కనపడేలా.

వెళ్లే ముందు అమ్మాయి వల అల్లడం చూడాలంది. సరుగుడు తోపు నీడలో ఇద్దరు ముసలాయనలు కూర్చుని చిరిగిన వల బాగు చేస్తున్నారు. మొదటాయన వల కొసని కాలి బొటనవేలికి తగిలించి లాగి పట్టాడు. ఎడమ చేతిలో చిన్న వెదురు బద్ద, కుడి చేతిలో దారం చుట్టిన సూది. బద్ద మీదుగా దారం తిప్పి, పైకన్నులో దూర్చి, బొటనవేలితో అదిమి, ఒక్క గుంజు. ముడి పడింది. బద్ద ఎంత వెడల్పో వల కన్ను అంతే, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. చెయ్యి ఆగకుండానే మాతో వాతావరణం మాట్లాడుతున్నాడు, చూపంతా సముద్రం మీదే.

అమ్మాయి గబగబా బొమ్మ గీసి ఆయనకి చూపించింది. ఆయన పుస్తకాన్ని కంటికి దూరంగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"బాగుండాది పాపా. కన్నే పెద్దదైపోయింది. దీంట్లో కానాగంతలు నిలబడవు, అన్నీ దూరిపోతాయి."

అమ్మాయి రబ్బరు తీసి చెరిపే లోపల రెండో ముసలాయన అందుకున్నాడు. "వాడి మాట ఇనొద్దమ్మా. కన్ను కాదు, వాడి ముడే జారుడు ముడి. ఇట్టా రా, నా వల గియ్యి."

అమ్మాయి అటు జరిగింది. కొత్త పేజీ తిప్పింది. మొదటాయన కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత కాలి వేలి నుంచి వల తీసి, సూది పక్కన పెట్టి, లుంగీకి చేతులు తుడుచుకుని, అమ్మాయి వైపు చెయ్యి చాచాడు.

"ఆ పెన్సిలు ఇట్టా ఇయ్యి పాపా. వాడి వల నేను గీస్తా."